బీరువా వెనకున్న డబ్బా

ఒరేయ్ కిరణ్,

రెండు నెలలుగా రాయలేదు, తిట్టుకో, పడతాను. అమ్మ మోకాలు నయం. చెల్లికి కాకినాడలో ఉద్యోగం వచ్చింది. ఇక అసలు సంగతి.

బాబాయి మిరప చేలో మోటారుకి లోరా రేడియో, అదే తక్కువ కరెంటుతో చాలా దూరం కబురు పంపేది, పెట్టానన్నాను కదా? మోటారు తిరుగుతున్నంతసేపూ నిమిషానికోసారి నీటి లెక్క ఇంటికి పంపుతుంది. పక్క చేనువాళ్ల అబ్బాయి, బీటెక్ మూడో ఏడు, మొన్న ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. మంగళవారం 6:10కి ఆన్, 8:40కి ఆఫ్. వారం రోజుల లెక్క, ఒక్కటీ తప్పు లేదు! చిన్న రిసీవర్‌తో విన్నాడట. కబురంతా ఏఈఎస్-128 అనే సంకేత లిపితో తాళం వేసి ఉంది, అక్షరం కూడా తెలియదు. కానీ కబుర్లు వస్తే మోటారు తిరుగుతున్నట్టు, ఆగితే చేలో మనిషి లేనట్టు! రాగి తీగ దొంగలకి అంతకన్నా ఏం కావాలిరా?

నువ్వు "కరివేపాకు" అని అరవగానే ఏడో గదిలో లైటు ఆరేది, గుర్తుందా? మాట అర్థం కాకపోయినా వార్డెన్‌కి విషయం తెలిసిపోయేది. అచ్చం అదే. రాత్రంతా నిద్ర పట్టలేదు.

మోటారు తిరిగినా తిరగకపోయినా, నిమిషానికోసారి ఒకే పొడవు కబురు పంపితే సరి. కానీ బ్యాటరీ? అప్పటికే నాలుగు నెలల్లో ఖాళీ అవుతోంది. తాళం వేయడానికి పట్టే కరెంటు లెక్కలోకి రాదు, తినేదంతా రేడియోనే. ఎస్ఎఫ్12లో (ఈ అంకె పెరిగేకొద్దీ కబురు నెమ్మదిగా, ఎక్కువ దూరం వెళ్తుంది) పది బైట్ల కబురుకి దాదాపు 1.5 సెకన్లు, 20 డీబీఎం బలంతో పంపితే చిప్ 120 మిల్లీఆంపియర్లు లాగుతుంది. అంత అరుపెందుకంటే, ఇంట్లో వినే డబ్బా బీరువా వెనక ఉంది! ఇనుప బీరువా! పిన్ని సర్దిందట.

డబ్బాని డాబా మీద వాటర్ ట్యాంక్ పక్కకి ఎక్కించాను. ఎస్ఎఫ్7, 13 డీబీఎంకి దించినా చక్కగా వినిపిస్తోంది. కబురుకి 62 మిల్లీసెకన్లే, కరెంటు 29 మిల్లీఆంపియర్లు. లెక్క కట్టు: పాత ఒక్క కబురు ఖర్చుతో ఇప్పుడు దాదాపు వంద పంపొచ్చు! రాత్రీపగలూ ఉత్తుత్తి కబుర్లు పంపినా ఇంకా మిగులుతుంది. గొంతు తగ్గింది కాబట్టి దూరంగా పొంచి వినేవాడికీ అందదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయిరా, నిజం.

1975లో ఆరన్ వైనర్ అనే ఆయన, దొంగచెవికి మనకన్నా అస్పష్టంగా వినిపిస్తే తాళంచెవి లేకుండానే రహస్యం దాచొచ్చని గణితంతో చూపించాడు. మాది అంత లోతైన పని కాదు గానీ, అక్కడ నుంచి నాకొక ఆలోచన... ఆ కుర్రాణ్ణి కూడా కలుపుకుందామా? మంచి బుర్ర వాడిది. నువ్వు యాంటెన్నా సంగతి చూసుకుంటే, నేను

బాబాయి కేకేస్తున్నాడు, ఏడింటి బస్సు వచ్చేసిందట. పచ్చడి జాడీ సంగతి మళ్లీ రాస్తా.

నీ
శేఖర్