మా మనవడికి ఇనుము వద్దు

సంపాదకులకు నమస్కారం.

నీరసంగా ఉన్న పిల్లలకు ఇనుము ఎక్కువగా ఇవ్వమని మీ ఆదివారం ఆరోగ్య పేజీలో చదివి మా వియ్యపురాలు నువ్వుల ఉండలు, ఒక మాత్రల సీసా పట్టుకుని వచ్చారు. ప్రేమతోనే. మనవడికి తొమ్మిదేళ్లు, తలసీమియా మేజర్ — ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని పుట్టుజబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తాం. ఒక్కో యూనిట్‌తో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది. శరీరం రోజుకు వదిలించుకునేది ఒకటి రెండు మిల్లీగ్రాములే.

సీసా మీద ఫెర్రస్ సల్ఫేట్ అని ఉంది. అంటే అన్నభేది. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి, దాన్ని మరిచిపోతానా! లేతాకుపచ్చ అన్నభేది ద్రావణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలు వేస్తే చూస్తుండగానే తుప్పు రంగుకు తిరిగేది. పిల్లలు రంగు చూసి మురిసేవారు, అందులో పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ (దేన్ని తాకినా వెంటనే చర్య జరిపే అణుశకలం) గురించి మొదలుపెడితే ఆవలించేవారు. 1894లో ఫెంటన్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రకటించిన చర్య అది.

పెరాక్సైడ్ మన కణాల్లోనూ కొద్దికొద్దిగా తయారవుతూనే ఉంటుంది. ఇనుము తనను మోసే ట్రాన్స్‌ఫెరిన్, నిల్వచేసే ఫెరిటిన్ ప్రోటీన్ల అదుపులో ఉన్నంతకాలం భయం లేదు. వాటికి మించి మిగిలితే నా పరీక్షనాళికలో జరిగిందే కణంలోనూ జరుగుతుంది. ఆ రాడికల్ దూరం పోలేదు, పుట్టిన చోటే పక్కనున్నదాన్ని కరుస్తుంది. పక్కన డీఎన్‌ఏ ఉంటే, దాని అక్షరాల్లో ఒకటైన గ్వానిన్ రూపు మారి, తన జోడీ సైటోసిన్‌కు బదులు అడినిన్‌తో జతకడుతుంది. డీఎన్‌ఏ రెండు పోగులూ ఒకేచోట తెగితే క్రోమోజోమే విరుగుతుంది. కణం చాలావాటిని బాగుచేసుకుంటుంది, అన్నిటినీ కాదు.

అందుకే రోజూ పరగడుపున డెఫెరాసిరాక్స్ మాత్ర నీళ్లలో కలిపి తాగిస్తాం, ఇనుమును పట్టి బయటకు పంపడానికి. ఒక చేత్తో అది, రెండో చేత్తో అన్నభేదా? విషయం చెబితే వియ్యపురాలు చిన్నబుచ్చుకున్నారు. నువ్వుల ఉండలు నేనే తిన్నాను.

ఇనుము లోపం ఉన్న గర్భిణులను మాత్రలు మానమనడం లేదు, వారికి అవి కావాలి. కానీ తలసీమియా మైనర్ ఉన్నవారి (అంటే పెద్ద జబ్బు లేకుండా దాని జన్యువును మోసేవారి) రక్తపరీక్ష కూడా చూపుకు ఇనుము లోపంలాగే ఉంటుంది. మా కోడలు అలాగే ఏడాదిపాటు మాత్రలు మింగింది. తల్లిదండ్రులిద్దరికీ మైనర్ ఉంటే బిడ్డకు మేజర్ రావచ్చు. మాత్రలకు ముందు ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష, పెళ్లికి ముందు మైనర్‌ను పట్టిచ్చే హెచ్‌బీ ఏ2 రక్తపరీక్ష చేయించుకోమని అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయగలరా?

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, నల్లగొండ