ఆదివారం ఒక గది తాళం ఇప్పించండి

అయ్యా,

చవితి నుంచి దసరా దాకా తిరుపతిలో సందడికి కొదవుండదు గానీ, పిల్లలు చూసి రావడమే తప్ప చేత్తో చేసి నేర్చుకునేది తక్కువ. మొన్న చవితికి మా వీధిలో నలుగురం కలిసి పిల్లలతో మట్టి వినాయకుళ్లను చేయించాం. ఎలుకకు తోక అతికించడానికే గంట పట్టింది లెండి!

ఆ ఊపులో ఆదివారాలు కలంకారీ నేర్పిద్దామనుకున్నాం. కలంకారీకి పేరున్న శ్రీకాళహస్తి మన జిల్లాలోనే ఉంది, అయినా మన పిల్లలకు కలంకారీ అంటే చీర మీద ప్రింటే. బట్టను కరక్కాయ కలిపిన పాలలో నానబెడితే రంగు పాకదని, తుప్పు పట్టిన ఇనుము బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరితే నల్లరంగు వస్తుందని, వెదురు కలం పట్టుకుని వాళ్లే గీసి చూడాలి కదా.

దగ్గర్లో ఒక బడిలో గది అడిగితే పైనుంచి కాగితం తెమ్మన్నారు, మూడు వారాలుగా తిరుగుతూనే ఉన్నాం. 2000 నుంచి భక్తులు జీతం లేకుండా చేసే శ్రీవారి సేవ చూస్తున్న ఊరు మనది, ఊరికే పనిచేసేవాళ్లకు కరువు లేదు. మేమడిగేది రెండు గంటలు, ఒక గది, ఒక కుళాయి. గోడలకు రంగు అంటితే కడిగే పూచీ మాది.

- ఒక గృహిణి, తిరుపతి