తొమ్మిది రోజులైంది, అమ్మణ్ణీ

చిత్తూరు,
ఆదివారం రాత్రి

అమ్మణ్ణీ,

ఇక్కడ అందరం బాగుండాము. అవ్వ మోకాలికి నూనె మార్చినాము. చింతపండు గింజలు తీసి జాడీకెత్తినాను. నువ్వు ఫోన్ చేసి 9 రోజులైంది. దానికోసం రాయడంలేదులే, ఊరికే చెప్తా ఉండాను.

పీలేరు అత్త ఏదో అనింది. తిరుపతి హాస్టల్లో నువ్వు మెస్సులో కూర్చోకుండా కంచం రూముకు తెచ్చుకుంటావంట, రాత్రి 3 దాకా లైటు ఆరదంట. నేను నమ్మలేదు. అత్త మాట పీలేరు దాటేసరికి రెండింతలవుతుంది. అయినా 3 దాకా దేనికి? మెడిసిన్‌లో అనాటమీని, అదే ఒంటి నిర్మాణాన్ని, పేజీల లెక్కన చదివితే ఒడ్డు కనపడదు. డిసెక్షన్, అంటే శవాన్ని కోసి చూసేది, అయిన రోజే సాయంత్రం 40 నిమిషాలు ఎముక చేతిలో పట్టుకో. ఆ పొద్దు కోసిన కండరం యాడ పుట్టింది, యాడ అతుక్కుంది, దానికి ఏ నరం పోతుంది, అన్నీ నోటితో చెప్పుకో. మూడోరోజు 10 నిమిషాలు, వారానికి మళ్లీ ఒకసారి. ఆ పొద్దు వదిలేస్తే శనివారం అదే పని 3 గంటలు మింగుతుంది. చదివింది గట్టిపడేది నిద్రలోనే. 7 గంటలు పడుకోవాల.

మదనపల్లె అన్న సంగతి నీకు పూర్తిగా తెలీదు. మెడిసిన్‌లో చేరిన కొత్తలో ఎవరు పిలిచినా పోయినాడు. 200 మంది బ్యాచి, వారానికి నాలుగు పుట్టినరోజులు. అప్పర్ లింబ్ (చెయ్యి) టెస్టులో బ్రేకియల్ ప్లెక్సస్, అదే చేతికి పోయే నరాల అల్లిక, గీయమంటే 5 వేర్లలో మూడు గీసి నిలబడిపోయినాడు. దాంతో రోషమొచ్చి అన్నీ మానేసినాడు: షటిలు, సినిమా, ఆఖరికి క్షవరం గూడా. 14 గంటలు కూర్చునేది, అదే పేజీ చూసేది. అప్పుడే జ్వరమొచ్చింది. పరీక్షకు కూర్చోవాలంటే థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరుండాల కదా. 20 ప్రాక్టికల్స్‌లో పోగొట్టుకోగలిగేది నాలుగే. ఆ నాలుగూ కేకులకే అయిపోయినాయి, జ్వరానికి మిగల్లేదు. మళ్లీ వాణ్ణి నిలబెట్టింది షటిలే. ఐదున్నరకు నలుగురు ఆడేది, హాస్టలుకు నడిచేటప్పుడు ఒకరినొకరు వైవా (నోటి పరీక్ష) ప్రశ్నలు అడుక్కునేది. ఎవరికి ఏం రాదో ఆ నడకలోనే బయటపడేది. ఒంటరిగా రూములో కూర్చుంటే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, అమ్మణ్ణీ.

ఉపన్యాసం వద్దనుకునే మొదలుపెట్టినాను. పనులన్నీ అయినాక స్నేహితులతో బయటికి పోదామంటే మెడిసిన్‌లో ఆ పొద్దు రాదు. శనివారం సాయంత్రం 5 నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా నీదని ముందే గీత గీసిపెట్టు. ఇంటర్నల్స్ ముందు వారం 2 గంటలకు తగ్గించు, తీసేయొద్దు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లే. పొద్దున్నే ఎక్కి, దర్శనం క్యూ జోలికి పోకపోతే మధ్యాహ్నం భోజనానికి హాస్టల్లో ఉంటావు. అలిపిరి 3,550. మరునాడు పిక్కలు పట్టేస్తాయి, సోమవారం టెస్టుంటే వద్దు. పిలిచినోళ్లందరితో పోనక్కర్లేదు. ఇద్దరు ముగ్గురితో పో, చాలు.

అత్త కొడుకు బుధవారం తిరుపతికి వస్తాడు. పప్పుచెక్కలు, రాగిపిండి, కొబ్బరినూనె పంపుతా ఉండాను. చెక్కలు కిందికి తీసుకుపోయి నలుగురూ కూర్చొని తినండి. ఫార్మలిన్ (శవాలు చెడకుండా వాడే మందు) వాసన కోటు పరుపు మీద పడేయొద్దు, విడిగా ఉతుకు.

ఫోన్ చెయ్యమని అడగడంలేదు. రాత్రి 9 దాకా అవ్వ మేలుకొనే ఉంటుంది.

అమ్మ