చెవి మీద బీడీ

రేయ్ బావా,

ఎట్టున్నావు? నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, తిట్టుకునే ఉంటావు. ఖాళీగా లేనురా. కొండపి, టంగుటూరు వైపు చిన్న చిన్న క్లినిక్‌ల చుట్టూ తిరుగుతున్నాను. పొగ మాన్పించే పద్ధతిని రోజువారీ ఓపీలోకి ఎక్కించడం మా పని. పొగాకు పండే ఊళ్ళల్లో ఇదేం ఉద్యోగం అని నవ్వుతావు, తెలుసు. మొదటిరోజే ఒక రైతు పట్టుకున్నాడు: "మా బేళ్లు వేలానికి పోతుంటే నువ్వొచ్చి ఈ మాట చెప్తావేందయ్యా?" పంట జోలికి రాలేదు పెద్దాయనా, నీ దగ్గు సంగతే అన్నాను. అప్పుడు కూర్చున్నాడు.

పద్ధతంతా ఐదు ముక్కలే. తాగుతారా అని అడగడం, మానమని చెప్పడం, మానాలని ఉందో లేదో కనుక్కోవడం, సాయం చేయడం, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పి పంపడం. మూడు నిమిషాల్లో అయిపోతుంది. డాక్టర్లకు తెలియక కాదు. బయట బెంచీల నిండా జనం ఉంటే ఆ మూడు నిమిషాలు ఎవరికున్నాయి? పైగా ఓపీ చీటీలో బీపీకి గడి ఉంది, షుగరుకుంది, బరువుకుంది, బీడీకి లేదు. గడి లేనిదాన్ని ఎవరూ అడగరు. ఇది నా బుర్రకెక్కడానికి రెండు నెలలు పట్టింది. అప్పటిదాకా గోడలకు పోస్టర్లు అంటిస్తూ తిరిగాను, వెర్రివాడిలా.

ఒంగోలులో రబ్బరు స్టాంపు చేయించాను. రోజుకు ఎన్ని? లేచాక మొదటిది ఎంతసేపటికి? అంతే. బీపీ చూసే నర్సమ్మే అడిగి, చీటీ మీద గుద్ది, రాసి పంపుతుంది. లేచిన అరగంటలోపే వెలిగిస్తున్నాడంటే నికోటిన్ గట్టిగా పట్టినట్టు. వట్టి మాటలతో వదలదు, మందో, నమిలే నికోటిన్ గమ్మో కావాలి.

"బీడీ తాగుతావా తాతా?" అని నర్సమ్మ అడిగితే ఒకాయన "ఎప్పుడో మానేశా తల్లీ" అన్నాడు, చెవి మీద బీడీ పెట్టుకొని! మరుసటిరోజు నుంచి ఆవిడ ప్రశ్న మార్చేసింది. "రోజుకు ఎన్ని కట్టలు?" "కట్టలా! ఒక్క కట్టేనమ్మా." నాకు తట్టలేదు చూడు.

గమ్ దగ్గర నేనే తప్పు చేశాను. నమలండి అని చెప్పి ఊరుకున్నా. ఒకాయన కిళ్ళీలా నమిలి, ఊటంతా మింగేసి, ఎక్కిళ్ళు, కడుపులో మంట అంటూ వచ్చి పెట్టె నా ముందు పడేశాడు. నోట్లో చురుక్కుమనగానే ఆపి దవడ పక్కన పెట్టుకోవాలి, చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి, అట్టా అరగంట. టీ తాగాక పావుగంట దాకా వేసుకోకూడదు. మనోళ్ళకు టీకీ టీకీ మధ్య పావుగంట ఎక్కడిదిరా!

అన్నిటికన్నా కష్టం ఐదో ముక్కే. మొదటి వారం గండం. చిరాకు, నిద్ర పట్టదు, ఇంట్లో గొడవలు. అప్పుడే ఒక ఫోన్ పడాలి. నర్సుకు తీరిక లేకపోతే 1800-11-2356 రాసిస్తున్నాం. పొగ మానడానికి సాయం చేసే సర్కారు నంబరే, డబ్బులు పడవు. సిగరెట్ పెట్టె మీదే ఉంటుంది, తాగేవాడు మాత్రం చదవడు.

ఒకచోట డాక్టరే వెనక తలుపు తీసుకొని వెళ్ళి వెలిగిస్తాడు. అక్కడ స్టాంపు సిరా ఆరిపోయి ఉంటుంది. ఆయన్ని అడగడానికి నాకింకా నోరు రావడం లేదు.

నిన్ను మాత్రం అడుగుతా. లేచాక మొదటిది ఎంతసేపటికి? మానేశానని రాయకు, చెల్లెమ్మ నిన్ననే ఫోన్ చేసింది.

నీ బావ