చెత్తగుంట దొరికిందని దిగులు పడకు

బుజ్జీ,

పురావస్తు తవ్వకంలో పక్క ట్రెంచ్ వాళ్లకి గోడలు, పూసలు బయటపడుతుంటే నాకు మాత్రం చెత్తగుంట ఇచ్చారు నాన్నా, అంతా విరిగిన పెంకులూ ఎముకలే అన్నావు కదా ఫోన్‌లో, నాకైతే మంచి చోటు నీకే దొరికిందనిపించింది. శాసనంలో రాజు దానం చేసిన పొలం గురించి ఉంటుంది గానీ, ఆ పొలం దున్నినవాడు రాత్రికి ఏం తిన్నాడో ఉండదు. అది తెలిసేది నీ గుంటలోనే.

1973లో అరిజోనా యూనివర్సిటీలో విలియం రాత్జే అనే ఆయన టూసాన్ ఊళ్లోని ఇళ్ల చెత్తను విద్యార్థులతో వేరు చేయించి లెక్క రాయించాడు. మేం ఇంతే తాగుతాం అని జనం చెప్పిన దానికంటే చెత్తలో ఖాళీ బీరు సీసాలు, డబ్బాలు ఎక్కువ తేలాయి. తర్వాత డంపింగ్ యార్డులు తవ్వితే ఎన్నో ఏళ్ల నాటి పేపర్లు చదవగలిగేలా దొరికాయి, అదిమేసిన చెత్తలోకి గాలి, తడి సరిగా వెళ్లకపోతే కుళ్లడం బాగా తగ్గిపోతుంది. మన జవహర్‌నగర్ చెత్తగుట్టని చూసినప్పుడల్లా నాకదే గుర్తొస్తుంది.

అంత దూరం ఎందుకు, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో బూడిదదిబ్బ ఉంది కదా, 1957లో ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త తవ్వినది. కొత్తరాతియుగం మనుషులు మందల్ని తోలిన దొడ్డి అది, అందులో పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాల్చారు. కంచె గుంజలు పాతిన గుంతలు, పశువుల గిట్టల అచ్చులు కూడా దొరికాయి. ఒక్క అక్షరం రాసిపెట్టని వాళ్ల బతుకు కాలిన పేడలోంచి తెలిసిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఏ పొరలో, ఎంత లోతులో ఉందో రాసుకోకుండా దేన్నీ కదపకు. ఎలుక బొరియల్ని బాగా చూడు, పైపొర వస్తువులు వాటిలోంచి జారి కింది పొరలో కలుస్తాయి, తేదీలన్నీ తారుమారవుతాయి. అంచు పెంకు వంపును బట్టి కుండ మూతి ఎంత వెడల్పో లెక్కకట్టొచ్చు. అడుగున మసి ఉంటే దాన్ని పొయ్యి మీద పెట్టారని అర్థం, ఎముక మీద కత్తిగాట్లుంటే మాంసం కోశారని. పెంకుల లోపలివైపు మాడు అంటుకుని ఉంటే మాత్రం కడగొద్దు, విడిగా సంచిలో పెట్టు.

ఇంకోటి, గుంటలోని మట్టిని నీళ్లలో కలిపి తేలే మాడిన గింజల్ని పడుతున్నారా? లేకపోతే మీ సార్‌ని అడుగు, ఉలవలో కొర్రలో ఏవి తిన్నారో వాటివల్లే తెలుస్తుంది. ఇప్పుడు కుదరదంటే ఒక్కో పొర నుంచి కొంత మట్టయినా చీటీ రాసి పక్కన పెట్టించు. ఆయన ఏమన్నారో ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

నాన్న
హైదరాబాద్