పునాదుల మీద చిల్లచెట్లు

ఉదయగిరి మెట్టలో పేదల ఇళ్లు పునాదుల దగ్గరే ఆగిపోయాయి. మా కాలనీలో బేస్‌మెంట్ల మీద చిల్లచెట్లు మొలిచాయి. ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన 2016లో మొదలైనప్పుడు మైదాన ప్రాంతాల్లో ఇంటికి రూ.1.20 లక్షలు, అందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40. ఏళ్లు గడిచినా ఆ అంకె కదల్లేదు; సిమెంటు, ఇనుము, మేస్త్రీ కూలి మాత్రం ఆగలేదు. మా దగ్గర పని పూర్తయ్యాకే బిల్లు పడేది. చేతిలో అంత డబ్బే ఉంటే సర్కారు ఇల్లెందుకు? మా పక్కింటాయన స్లాబు కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, ఆ టెన్షన్‌తో బెంగళూరు కూలికి పోయాడు. ఇక్కడ గోడలు తడపడానికి నీళ్లు కూడా ట్యాంకరుతో కొనాల్సిందే, ఆ ఖర్చు ఎవరి లెక్కలోనూ ఉండదు. సాయాన్ని ఏటా సిమెంటు, ఇనుము ధరలను బట్టి పెంచాలి. మొదటి విడత పునాది తీయకముందే ఖాతాలో వేసి, లేఅవుట్‌లో బోరు, రోడ్డు వేశాకే కట్టమనాలి.

– ఒక పాఠకుడు, ఉదయగిరి, నెల్లూరు జిల్లా