ఆర్గానిక్‌లో సి వచ్చిందని దిగులుపడకు

ఒరేయ్ రఘూ,

పాపకి ఆర్గానిక్ కెమిస్ట్రీలో సి వచ్చింది, ఇక మెడిసిన్ మీద ఆశ వదులుకోవాల్సిందేనా అని రాశావు. వదులుకోనక్కర్లేదురా. ముందు అది సి యేనా, సి మైనసా చూడు. అమెరికాలో చాలా మెడికల్ స్కూళ్లు ప్రీరిక్విజిట్లలో, అంటే చేరేముందు తప్పక చదవాల్సిన కోర్సుల్లో, కనీసం సి ఉండాలంటాయి. సి మైనస్ అయితే ఆ కోర్సు మళ్లీ చదవక తప్పదు. సి అయితే మాత్రం తొందరపడి మళ్లీ అదే కోర్సులో చేర్పించకు.

ఎందుకంటే మనవాళ్లు చాలామంది పొరబడేది ఇక్కడే. యూనివర్సిటీ పాత గ్రేడు తీసేసి కొత్తది వేసుకున్నా, ఎండీ (అక్కడి మామూలు డాక్టర్ డిగ్రీ) దరఖాస్తులు చూసే ఆమ్‌కాస్ అనే సంస్థ రెండిటినీ లెక్కేస్తుంది. నాలుగు క్రెడిట్ల కోర్సులో మొదట సి (2.0), తర్వాత ఏ (4.0) వస్తే సగటు 3.0, అంతే. డీవో (ఆస్టియోపతిక్ డాక్టర్ డిగ్రీ) కాలేజీల దరఖాస్తులు చూసే ఆకోమాస్ ఒకప్పుడు కొత్త గ్రేడునే తీసుకునేది, 2017లో ఆ వెసులుబాటూ పోయింది. మీ టెక్సస్ కాలేజీల టీఎమ్‌డీశాస్ కూడా రెండూ కలుపుతుంది. కాకపోతే దానికి ప్లస్, మైనస్ పట్టింపు లేదు: ఏ మైనస్ వచ్చినా 4.0 కిందే లెక్క. డాలస్‌లో ఉన్నవాళ్లకి ఇది మంచి ఊరట.

బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్‌కి ఆమ్‌కాస్ విడిగా సైన్స్ జీపీఏ (గ్రేడుల సగటు) కడుతుంది. ఇంగ్లిష్‌లో ఎన్ని ఏలు వచ్చినా అది కదలదు. 60 సైన్స్ క్రెడిట్లకి 3.2 ఉందనుకో, ఇంకో 30 క్రెడిట్లలో అన్నీ ఏలే తెచ్చినా 3.47 దగ్గర ఆగుతుంది. సీటు వచ్చినవాళ్ల సగటు జీపీఏ 3.7 పైనే. అందుకే ఒక్క సి కన్నా, వరసగా వచ్చే బీలూ సీలే నన్ను ఎక్కువ భయపెడతాయి.

ఇప్పుడు పాప చేయాల్సింది బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ లాంటి పైకోర్సుల్లో ఏ తెచ్చుకోవడం. సీట్లిచ్చే కమిటీలు గ్రేడులు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా అని చూస్తాయి. మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎమ్‌క్యాట్‌లో కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ భాగాల్లో మంచి స్కోరు వస్తే ఆ సి మీద అనుమానం చాలావరకు తీరుతుంది. కానీ ఆర్గానిక్ పునాది లేకుండా బయోకెమిస్ట్రీలోకి దిగితే రెండో సి వస్తుంది, అదీ అసలు ప్రమాదం. పాత పరీక్ష పేపర్లు ముందేసుకుని మార్కులు మెకానిజమ్‌లలో పోయాయో, సింథసిస్‌లో పోయాయో చూడమను. సెలవుల్లో ఆ భాగమే మళ్లీ చదవాలి.

ఈ సెమిస్టర్‌లో ఇంకేదైనా కోర్సు మునిగేలా ఉంటే, విత్‌డ్రా గడువు ఎప్పుడో ఈరోజే కనుక్కోమను. గడువులోగా కోర్సు వదిలేస్తే పడే డబ్ల్యూ జీపీఏలో కలవదు. ఒకటుంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు, నాలుగైదు ఉంటే మాత్రం ఇంటర్వ్యూలో అడుగుతారు.

ట్రాన్‌స్క్రిప్ట్ మొత్తం పంపరా, సైన్స్ జీపీఏ కట్టి చెబుతా.

నీ
రవి